పీతకు పెట్టిన కన్ను

పుష్య బహుళ పంచమి

మరబొమ్మ చేసే ప్రతివాడూ దాని పుస్తకం రాయాలని మా సంఘం నియమం. ఏ మర ఎక్కడ బిగించాడో, ఏ తీగ ఎందుకు పీకాడో, అన్నీ తిథితో సహా రాయాలి. నా మరపీతకు ఇది నాలుగో పుస్తకం. మొదటి మూడింటిలో ఉన్నది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. బొమ్మ నీళ్ళు తొణక్కుండా మోయాల్సిన చెంబు పోటీలో ఓడిపోయాను.

ఈ రోజు పాత సామాన్ల పడవ వచ్చింది. మునిగిపోయిన ఊళ్ళలోకి దూకి ఈదేవాళ్ళు పైకి తెచ్చిన సరుకు అది. పంపులకు వాషర్లు ఏరుకుంటుంటే అడుగున ఒక ఫోను దొరికింది. మా తాతల కాలం నాటిది. అద్దం పగిలి లోపలంతా నాచు పట్టింది. వీపున ఉన్న కెమెరా ముక్క మాత్రం గట్టిగా మూసుకుని ఉండడంతో ఉప్పునీళ్ళు తగలక బతికింది. గోరంత ఉంది. దాని వెనకాల పల్చటి తీగల పట్టీ వేలాడుతోంది.

అది దేనికని పడవవాడు అడిగాడు. పెట్టె మూతకి గుబ్బగా పెడతానన్నాను. వాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు. మా మంచెలవాడలో యంత్రాలకు కళ్ళుండవు, అంతేగాని ఉండకూడదని ఎవరూ చట్టం చేయలేదు. నీళ్ళు వచ్చి జనం మంచెల మీదికి ఎక్కినప్పుడు కెమెరాలు చేసే చోట్లు అడుక్కి పోయాయి. అప్పటి నుంచీ మరబొమ్మలన్నీ ఇనప మీసాలతో తడుముకుంటూ నడుస్తున్నాయి. అయినా ఎందుకో అబద్ధమే వచ్చింది నోటికి.

పుష్య బహుళ దశమి

ఐదు రోజులు పట్టింది. తీగల పట్టీ పొట్టిదైంది, అతుకు వేశాను. అతుకు వేశాక లోకమంతా తలకిందులుగా కనిపించింది. కెమెరాను తిప్పి బిగించాను. అది మేలుకోగానే పీత కాళ్ళకు కరెంటు చాలక ఎనిమిదీ ఒక్కసారి చచ్చుబడ్డాయి. పాత పంపులోంచి రెండో బ్యాటరీ తీసి వీపున కట్టాను. ఇప్పుడు పీత గర్భిణిలా ఊగుతూ నడుస్తోంది గాని, నడుస్తోంది.

మంచె దారి పలకల సందుల్ని మీసం తగిలేలోపే చూసి కాలు ఎత్తుతోంది. చెంబులో నీళ్ళు తొణకవు. ఇన్నాళ్ళూ నన్ను ఓడించింది ఆ సందులే.

నడుస్తూ చూసినవాటిని పీత అక్కడికక్కడే మరిచిపోతుంది. ఆగినప్పుడు చూసినవి మాత్రం దాచుకోమని రాశాను. ఎందుకు ఆగిందో నాకు తర్వాత తెలియాలి కదా. ఆగి ఉన్నంతసేపూ రెండేసి ఊపిరులకు ఒక ఫొటో తీస్తుంది.

పుష్య అమావాస్య

మొదటిసారి వాడ మీదికి వదిలాను. మెడలో గంట మోగించుకుంటూ మంచినీళ్ళ మడుగు దాకా వెళ్ళి వచ్చింది. ఇరవై ఆరు ఫొటోలు తెచ్చింది. ఇరవై ఆరింటిలోనూ మనుషులే ఉన్నారు.

ఇది నాకు ముందే తట్టాల్సింది. మరబొమ్మకు మేము నేర్పే మొదటి మర్యాద ఒక్కటే. మనిషి ఎదురైతే ఆగాలి, ఆ మనిషి తప్పుకునేదాకా కదలకూడదు. ఆగినప్పుడు దాచుకోమన్నాను కదా, అది మనుషుల్నే దాచుకుంది.

మరబొమ్మ ముందు మాకు దాపరికం ఉండదు. కూర్చునే పీట ముందు ఎవరు సిగ్గుపడతారు? ఒకాయన లుంగీ ఎత్తి తొడ గోక్కుంటున్నాడు. పథ్యంలో ఉన్న మా సంఘం పెద్ద కోటినాగులు గారు పీపాల చాటున కూర్చుని బెల్లం గడ్డ చప్పరిస్తున్నారు. మొన్న పెళ్ళైన జంట ఒకటి నిచ్చెన మలుపులో ఉంది, అది రాయను. పొట్ట పట్టుకుని నవ్వాను.

తాయారును పిలిచి చూపించాను. మా ఆవిడ నవ్వలేదు. నేనూ ఉన్నానా ఇందులో అని అడిగింది. ఉంది. పెరటి మంచె మీద తల ఆరబెట్టుకుంటోంది, అంతే. కాసేపు చూసి, ఇక మీద దాన్ని ఇంట్లోకి తేవద్దంది. పీతను బయటి గుంజకు తగిలించాను. ఆడవాళ్ళకు ప్రతిదీ పెద్ద విషయమే అనుకున్నాను అప్పుడు.

మాఘ శుద్ధ చవితి

ఈ నాలుగు రోజులూ పీతను రెండు పూటలా వదిలాను. మడుగుకు పోయే దారి లాకు మీదుగా పోతుంది. అక్కడ ఎదురయ్యేది నాంచారమ్మ పిన్ని.

పిన్ని మా లాకు లస్కరు. సముద్రం పోటెక్కి కొలగుంజ మీద తొమ్మిదో గీత దాటేలోపు ఇనప తలుపు దించాలి. దించకపోతే మడుగులో ఉప్పు కలిసి వాడంతా ఉప్పు నీళ్ళు తాగాలి. పాటు వచ్చి నీళ్ళు తీశాక మళ్ళీ ఎత్తాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పన్నెండేళ్ళుగా ఆమె పని అదే. ఉండేది కూడా లాకు మీది గదిలోనే.

ఫొటోల్లో పిన్ని కొలగుంజ ముందు నిలబడి ఉంది. చెయ్యి గుంజ మీద ఉంది గాని మొహం మాత్రం గుంజకేసి లేదు. గుంజకు గీత గీతకూ ఒక కొబ్బరి తాడు ముడి ఉంది. ముడులు ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాతి రోజు ఫొటోల్లో ఆమె వేళ్ళు ఆ ముడుల మీదుగా కిందికి దిగుతున్నాయి. నీళ్ళు తగలగానే ఆగుతున్నాయి. నిన్న ఎవరో దారిలో తట్ట ఒకటి వదిలేసిపోయారు. పిన్ని దాన్ని కాలి బొటనవేలితో వెతికి, చుట్టూ తడిమి, పక్కకు జరిగి నడిచింది.

పిన్నికి కళ్ళు కనిపించడం లేదు.

కనీసం నాలుగేళ్ళ మాట అయి ఉండాలి, ఆ తాళ్ళు అంత అరిగి ఉన్నాయి. ఏటా పంచాయతీలో కళ్ళ పరీక్ష పెడతారు, గోడ మీది పలక చదివిస్తారు. ఆ పలక మా చిన్నప్పటి నుంచీ అదే. నాకే కంఠతా వచ్చు. చూపు పోయినవాళ్ళు లస్కరుగా ఉండకూడదన్నది మాత్రం గట్టి నియమం. ఆమెకు ఆ గది తప్ప ఇల్లు లేదు, ఆ పని తప్ప లోకం లేదు.

ఈ నాలుగేళ్ళలో మడుగు ఒక్కసారి కూడా ఉప్పగా అవలేదు. రెండు కళ్ళూ ఉన్న వెనకటి లస్కరు హయాంలో ఏడాదికి రెండుసార్లు ఉప్పు నీళ్ళు తాగాం.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలా, ఫొటోలు చెరిపేయాలా, పిన్నితోనే మాట్లాడాలా అని పొద్దుటి నుంచీ ఆలోచించాను. సాయంత్రానికి పీత మూడో కాలికి నూనె పెట్టాను. నేను చేసింది అదొక్కటే.

మాఘ శుద్ధ ఏకాదశి

లాకు దగ్గర పంపు మరమ్మతుకు వెళ్ళాను. పిన్ని గది గుమ్మంలో చేప పొలుసు తీస్తోంది. కత్తి ఎక్కడా తడబడలేదు. అడుగుల చప్పుడుకే నన్ను పోల్చుకుంది. ఇన్నాళ్ళూ అది నా మీద ఆపేక్ష అనుకునేవాణ్ణి.

పంపు బిగించి వస్తుంటే పిలిచింది.

"నీ పీత ఈమధ్య నా కాడ చాలాసేపు ఆగతంది అబ్బాయ్. మీసం ఏమన్నా బిగుసుకుపోయిందేమో చూసుకో. పోటీలో ఇట్టా ఆగితే మళ్ళీ ఓడిపోతావు."

నిజమే, కన్ను పెట్టాక అది మీసానికి అందనంత దూరంలో ఉన్న మనిషికి కూడా ఆగుతోంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. మా ఇద్దరి మధ్యా చేప తట్ట తప్ప ఇంకేమీ లేదు. పిన్నీ, దానికి కన్ను పెట్టాను, నీ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, ఇదిగో చెరిపేస్తున్నాను అంటే అయిపోయేది. చూసుకుంటాలే పిన్నీ అన్నాను. రెండు చేప ముక్కలు ఆకులో చుట్టి ఇచ్చింది. తీసుకున్నాను.

మాఘ పౌర్ణమి

గెలిచాను.

మడుగు దగ్గర నింపిన చెంబు సంఘం మంచె చేరేసరికి అంచుదాకా అలాగే ఉంది. మిగతా పదకొండు బొమ్మలూ దారంతా తడుపుకుంటూ వచ్చాయి. జనం నన్ను ఎత్తుకున్నంత పని చేశారు.

తర్వాత కడుపు విప్పారు. గెలిచిన బొమ్మను దొంగచాటుగా ఎవరూ నడిపించలేదని తేలడానికి దాని జ్ఞాపకాన్ని పెద్ద తెర మీద అందరికీ చూపించడం మా ఆచారం. ఎప్పుడూ నాలుగు వంకర గీతలు వస్తాయి, ఎవరూ సరిగా చూడరు, పులిహోర పంచుతారు. ఈసారి ఫొటోలు వచ్చాయి. పోటీకి దారంతా ఖాళీ చేయించారు గాని లాకును ఖాళీ చేయించలేరు కదా. పౌర్ణమి పోటు, పిన్ని పనిలో ఉంది. పీత ఆమె ముందు ఆగింది. పదకొండు ఫొటోలు.

మొదటి ఫొటో పడగానే జనం నోరు తెరిచారు. మా తరంలో చాలామంది ఫొటో చూడడం అదే మొదలు. చప్పట్లు మోగాయి. తలుపు దించి వచ్చిన పిన్ని కూడా గుంపు చివర నిలబడి చప్పట్లు కొట్టింది. నేను గెలిచినందుకు కొట్టింది. తెర మీద ఉన్నది తనేనని ఆమెకు తెలియదు.

ఐదో ఫొటో దగ్గర చప్పట్లు పల్చబడ్డాయి. ఆమె అటెక్కడో చూస్తోందేమిటని ఎవరో అన్నారు. ఆ తాళ్ళేమిటి అన్నారు ఇంకొకరు. పదకొండోది వచ్చేసరికి కోటినాగులు గారు లేచి నిలబడ్డారు.

"నాంచారమ్మా, ఈ ఫొటోలో నువ్వేం చేస్తన్నావో కాస్త చెప్పు."

పిన్ని ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఏ ఫొటో?" అంది.

పోటీ హడావుడిలో ఆ దాచుకోమన్న వాక్యం తీసేయడం మరిచిపోయాను. అందువల్ల జరిగింది ఇదంతా.

మాఘ బహుళ విదియ

మొన్న చివర రాసింది అబద్ధం. కొట్టేయను, అలాగే ఉండనీ.

మరిచిపోలేదు. చతుర్దశి నాడు ఆ వాక్యం ముందు కూర్చుని, తీద్దామని తీయలేదు. కడుపు విప్పుతారని తెలుసు. అందుకే తీయలేదు. నా పీత చూడగలదని వాడంతా చూడాలి. మూడేళ్ళు ఓడిపోయిన ఈ పంపుల రాఘవులు ఏం చేశాడో నోరెళ్ళబెట్టి చూడాలి. పాత ఫొటోలన్నీ చెరిపాను, కాబట్టి పిన్ని క్షేమమని నాకు నేను చెప్పుకున్నాను. పోటీ వేళకు పోటు ఉంటుందని నాకు తెలియదా? పుట్టిందే నీళ్ళ మీద. పౌర్ణమి పోటు ఏ వేళకు వస్తుందో మా వాడలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

నిన్న పంచాయతీవాళ్ళు కొత్త పలక రాయించి ఆమె ముందు పెట్టారు. ఆమె పాత పలకే గడగడా అప్పజెప్పింది. ఆపమని ఎవరూ అనలేకపోయారట. చివరిదాకా చదివి, సరిపోయిందా అని అడిగిందట.

అమావాస్య లోపు గది ఖాళీ చేయాలి. ఆరో మంచె మీది ఉమ్మడి సావిట్లో చోటిచ్చారు. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. దండేసి సాగనంపుదామని కూడా అనుకున్నారు.

మాఘ బహుళ అష్టమి

ఇళ్ళకు తెరలు కట్టుకుంటున్నారు. గోనె పట్టాలు, పాత చీరలు, ఏది దొరికితే అది. ఏ బొమ్మ గంట మోగినా మాటలు ఆగిపోతున్నాయి. కళ్ళు లేని బొమ్మల్ని కూడా తిప్పి తిప్పి చూస్తున్నారు. నీళ్ళు మోసే ముసలి బొమ్మ ఒకదాని మొహానికి ఎవరో పేడ కొట్టారు. నిచ్చెన మలుపు జంట నన్ను చూసి తల దించుకుని పోయారు. వాళ్ళ ఫొటో తాయారుకు తప్ప ఎవరికీ చూపలేదు గాని, నేను చూశానని వాళ్ళకు తెలుసు. తాయారు అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు.

పంచాయతీ తరఫున కోటినాగులు గారు కబురు పెట్టారు. పీతను తెచ్చి కొలగుంజ ఎదురుగా బిగించమన్నారు. అది తొమ్మిదో గీత చూడగానే లాకుకు కొత్తగా పెట్టే మోటారు తలుపు దించాలి.

నాలుగేళ్ళుగా మడుగు ఉప్పవలేదు కదండీ, ఆమెనే ఉండనివ్వొచ్చు కదా అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"నాలుగేళ్ళూ తెలియక ఊరుకున్నాం," అన్నారాయన. "ఇప్పుడు తెలిసింది. తెలిసి కూడా తెలియనట్టు ఉండమంటావా రాఘవులూ? రేపు ఏ పసిబిడ్డకో ఉప్పు నీళ్ళు పడితే నన్ను అడుగుతారా, నిన్నా?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తెలిసేలా చేసింది నేను.

సరేనన్నాను. కొలగుంజ దగ్గర పీతను బిగించాక ఇంకో చిక్కు వచ్చింది. ముడుల పీచు గీతలకు అడ్డం వస్తోంది, పీతకు లెక్క కుదరడం లేదు. కత్తి తీసి ముడులు కోశాను. తొమ్మిది. ఒక్కో ముడీ వేళ్ళు తగిలి తగిలి నున్నగా అయిపోయి ఉంది. గది తలుపు తీసే ఉంది. పిన్ని లోపల బట్టలు మూట కడుతోంది. కత్తి చప్పుడు ఆమెకు వినపడే ఉంటుంది. బయటికి రాలేదు.

మాఘ అమావాస్య

పెద్ద పోటు. పంచాయతీ అంతా లాకు మీద నిలబడి చూసింది. పీత సరిగ్గా తొమ్మిదో గీత దగ్గర తలుపు దించింది.

ఈ వారంలో అది ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. తప్పు చెబితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. మంచు పట్టాలని, ఉప్పు పొర కట్టాలని, ఏ కొంగో వచ్చి ఎదురుగా వాలాలని కోరుకున్నాను. అప్పుడు పరిగెత్తి వెళ్ళి పిన్నిని పిలుచుకురావచ్చు. వాడంతా ఉప్పు నీళ్ళు తాగాలని కోరుకున్నట్టే కదా ఇది. అదీ చేశాను.

పిన్ని ఫొటోలు పదకొండూ ఈ రోజు చెరిపేశాను. పీతలోంచి, తెర పెట్టెలోంచి, నేను ఫొటోలు చూసుకునే తెరపలకలోంచి. చెరిపాక ఒక్క పూట ప్రాణం తేలికపడింది.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

క్షమించమని అడగడానికి వెళ్ళాను. వెళ్ళాలని పదిసార్లు బయల్దేరి పదిసార్లు వెనక్కొచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం తాయారు పొయ్యి మీది నుంచి కళ్ళెత్తకుండా, ఎన్నాళ్ళు తిరుగుతావు ఆ గుంజల చుట్టూ, వెళ్ళు అంది. మూడు వారాల్లో నాతో అన్న మొదటి మాట.

ఉమ్మడి సావిట్లో పిన్ని కిటికీ పక్కన చాప మీద కూర్చుని ఉంది. చేతుల్లో పని లేదు. ఆమె చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నా అడుగులు పోల్చుకుని రా అబ్బాయ్, కూర్చో అంది. కూర్చున్నాను. చెప్పాలని కూడబలుక్కున్నది మొదలుపెట్టేలోపు ఆమే అడిగింది.

"ఆ ఫొటోల్లో నా మొహం ఎట్టా ఉంది?"

చాప అంచున లేచిన పుల్లను వంచుతూ కూర్చున్నాను.

"అద్దంలో చూసుకుని నాలుగేళ్ళయింది. వెలుతురు తెలుస్తది గాని మొహం తెలవదు. వాడంతా చూశారంట గదా. నువ్వైతే అందరికంటే ఎక్కువ చూసుంటావు. ఎట్టా ఉన్నాను?"

"చెరిపేశాను పిన్నీ."

"చెరిపితే చెరిపావులే. చూసింది గుర్తుంటది గదా, చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. ఆ ఫొటోలు యాభైసార్లైనా చూసి ఉంటాను. వేళ్ళు వచ్చాయి. ముడులు, బొటనవేలు, తట్ట అన్నీ వచ్చాయి. మొహం మాత్రం రాలేదు. ఆమె చూపు ఎటు ఉందని చూశానే గాని మొహం చూడలేదు. ఒక మనిషి బతుకు తీసి తెర మీద పరిచాను, ఆ మనిషి మొహం ఎలా ఉందో నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో ఒకటి చెప్పి ఆమెను సంతోషపెట్టొచ్చు. మళ్ళీ అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"చేతులే చూశాను పిన్నీ. మొహం చూడలేదు."

ఆమె చాప మీద కొంచెం జరిగి, వెలుతురు తగిలే వైపుకు మొహం తిప్పింది.

"అయితే ఇప్పుడు చూడు. చూసి చెప్పు. తియ్యగా చెప్పబాక."

చూశాను. చూసింది చూసినట్టు చెప్పాను. ముందు జుట్టు పూర్తిగా తెల్లబడిందని, వెనకాల ఇంకా కొంచెం నలుపు ఉందని చెప్పాను. ముక్కు పక్క నుంచి పెదవుల దాకా రెండు గాట్లు పడ్డాయని, గడ్డం కింద చర్మం జారిందని, ఎడమ కనుబొమ్మ పల్చబడి దాదాపు లేనట్టే ఉందని చెప్పాను. నల్లగుడ్ల మీద తెల్లటి పొర ఉందని కూడా చెప్పాను. ఒక్కోటి చెప్పినప్పుడల్లా ఆమె వేలు ఆ చోటికి వెళ్ళి ఆగింది.

"మా అమ్మ మొహం వచ్చేసిందన్నమాట," అంది. ఆ గొంతులో సంతోషం ఉందో దిగులు ఉందో నాకు తెలియలేదు. ఇంకా చెప్పమంది. చెవుల సంగతి, మెడ మీది పులిపిరి సంగతి కూడా చెప్పాను.

మధ్యలో చెయ్యెత్తి నన్ను ఆపింది. అరచెయ్యి నేల పలక మీద ఆనించి వింది.

"పోటు ఎక్కతంది. ఏడో గీత దాటి ఉంటది. పో అబ్బాయ్, అక్కడ మనిషి ఉండాలి."

అక్కడ మనిషి అక్కర్లేదని నేను చెప్పలేదు. ఆమెకు తెలియకా కాదు. క్షమించానని ఆమె అనలేదు, అడగడానికి వెళ్ళిన నేను అడగనూ లేదు. లేచి మంచె మీద మంచె దాటుతూ పరిగెత్తాను.

నేను చేరేసరికి లాకు తలుపు దిగిపోయి ఉంది. నీళ్ళు తొమ్మిదో గీత దగ్గర ఉన్నాయి. నేను కొలగుంజకు అడ్డంగా ఆగగానే పీత తన కన్ను నా మీద నిలిపి, ఎప్పుడు తప్పుకుంటానా అని అలాగే చూస్తూ ఉండిపోయింది.